గడి లేని రీడింగ్

"నలభయ్యో పాయింటు! అరవై రెండు!"

జీపు టాపు మీద నిలబడి, మీటరు ముల్లు మీంచి కళ్ళు తిప్పకుండా అరిచాడు బాలశౌరి.

యాభై గజాల దూరంలో, మోటారు బావి గట్టున రేడియేటరు కోసం నీళ్ళు తోడుతున్న డ్రైవర్ లాల్‌సాహెబ్ అంతే గట్టిగా బదులిచ్చాడు. "నలభై! అరవై రెండు!"

అది వాళ్ళ పని పద్ధతి. ఆపరేటర్ అంకె చెప్పాలి. డ్రైవర్ దాన్ని తిరిగి అప్పజెప్పాలి. ఆపరేటర్ 'కరెక్ట్' అనాలి. ఆ తరువాతే పెన్ను కాగితాన్ని తాకాలి.

బాలశౌరి నోరు తెరిచాడు.

ధన్!

ఆ నోట్లోంచి 'కరెక్ట్' రాలేదు, రక్తం వచ్చింది. బాలశౌరి జీపు టాపు మీంచి తలకిందులుగా నేల మీద పడ్డాడు.

రెండో గుండు లాల్‌సాహెబ్ భుజాన్ని చీల్చింది. అతను బావిలో పడిపోయాడు.

తోటలోంచి ఇద్దరు మనుషులు తాపీగా నడిచి వచ్చారు. ఒకడు చచ్చినవాడి చేతిలోని లాగ్‌బుక్కు లాక్కున్నాడు. రెండోవాడు బావిలోకి తొంగి చూశాడు. నీళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"డ్రైవరే కదా. వాడికి అక్షరం ముక్క రాదు. వదిలెయ్."

బాలశౌరి శవాన్ని సీట్లో కూర్చోబెట్టి, జీపుని పల్లంలోకి తోసి, నిప్పు పెట్టారు. పక్క సీట్లో అతని తల్లి మేరమ్మ పొద్దున్నే కట్టి ఇచ్చిన క్యారియర్ ఉంది. మూత తియ్యకుండానే అదీ కాలిపోయింది.

అది 1974, మే నెల. తిరువూరు పొలిమేర. మధ్యాహ్నం ఒంటిగంటా ఇరవై నిమిషాలు.

*

తొమ్మిది రోజుల తరువాత, శుక్రవారం సాయంత్రం, హైదరాబాద్‌లో దర్జీ షాపు బోర్డున్న ఒక మేడ మీది గదిలో, సీక్రెట్ బ్యూరో చీఫ్ కల్నల్ సుందరరాజు రెండు కాగితాల కట్టలు టేబుల్ మీద పడేశాడు.

"చూడు, నైన్‌టీన్."

ఏజెంట్ నైన్‌టీన్ అసలు పేరు ఏడుకొండలు. ముప్పై ఎనిమిదేళ్ళు. ఎక్కడ నిలబెట్టినా గుమాస్తాలా కనిపించే మొహం. ఆ మొహమే అతని ప్రాణాన్ని ఆరుసార్లు కాపాడింది.

"ఏంటి సార్ ఇవి?"

"మొదటిది కంప్యూటర్ ప్రింటవుట్. మైలవరం కొండ మీద మన వైర్‌లెస్ స్టేషన్ ఉంది. అక్కడి మాట తిరువూరు రోడ్డు మీద ఏ మలుపులో ఎంత బలంగా వినిపిస్తుందో, జీపు కదల్చకుండా కంప్యూటర్ లెక్క కట్టింది. దాన్నే సిమ్యులేషన్ అంటారు. మొత్తం నలభై పాయింట్లు. నూటికి ఇరవై దాటితే మాట వినిపిస్తుంది. దాటకపోతే చెవిటి చోటు."

"రెండోది?"

"ఆ లెక్క నిజమో కాదో రోడ్డు మీద కొలిచి చూడమని బాలశౌరిని పంపాను. జీపు బోల్తా పడి కాలిపోయిందన్నారు. లాగ్‌బుక్కు మాత్రం ఎగిరి పక్కన పడిందట. భద్రంగా పోస్టులో వచ్చింది."

ఏడుకొండలు రెండు కట్టలూ పక్కపక్కన పెట్టి వేలితో కిందికి చూసుకుంటూ పోయాడు. "నలభైకి నలభై సరిపోయాయి సార్. ఒక్క అంకె తేడా లేదు."

"అదే నా భయం. ముప్పై ఏళ్ళుగా నా చేతి గడియారం, మా ఇంటి గోడ గడియారం ఒక్కసారి కూడా కలవలేదు. కాగితం, నేల నలభై చోట్ల కలిశాయా?"

"లాగ్ దొంగది అంటారు."

"నేనంటే సరిపోదు. ఢిల్లీ వాళ్ళకి రుజువు కావాలి. ఆరు లారీల కాన్వాయ్ రేపు ఉదయం బెజవాడ నుంచి ఆ రోడ్డున వెళ్తోంది. కొత్త రాకెట్టుకి దారి చూపించే పెట్టె అందులో ఉంది. నలభై ఇద్దరు జవాన్లు. రోడ్డంతా వైర్‌లెస్ అందుతుందన్న ధైర్యంతో ముందు ఎస్కార్ట్ కూడా వద్దన్నారు. పదకొండుకల్లా ఎ.కొండూరు దాటుతుంది."

"మధ్యలో చెవిటి చోటు ఉంటే?"

"నలభై ఇద్దరూ చస్తూ కేకలు పెట్టినా ఎవరికీ వినపడదు."

కల్నల్ గొంతు తగ్గించాడు. 

"డ్రైవర్ లాల్‌సాహెబ్ శవం దొరకలేదు. అతని ఇల్లు తిరువూరులో. పట్టుకో. అక్కడ మన మనిషి ప్రేమకుమారి కలుస్తుంది. కంప్యూటర్‌లో ఆ ప్రోగ్రాం రాసింది ఆమే. రెండేళ్ళుగా ఒక విదేశీ గూఢచారి ముఠాలో చేరి మనకి కబుర్లు పంపుతోంది. కాన్వాయ్‌కి రేపటి పాస్‌వర్డ్ 'జాజికాయ'. ఆ మాట లేకుండా ఎవరు ఏం చెప్పినా వాళ్ళు వినరు. ప్రాణం పోయినా బయటపెట్టకు."

"ఎవరి ప్రాణం సార్?"

"నీదే."

*

శనివారం ఉదయం ఏడున్నరకి తిరువూరు బస్టాండులో ఒక రేడియో లైసెన్స్ ఇన్‌స్పెక్టర్ దిగాడు. ఖాకీ చొక్కా, లావుపాటి కళ్ళజోడు, గొడుగు, చేతిలో చెక్కపెట్టె. పెట్టెలో ఒక మీటరు, ఒక వైర్‌లెస్ సెట్టు ఉన్నాయి. జేబులో లైసెన్సుల మీద కొట్టే రబ్బరు స్టాంపు.

ఆ రోజుల్లో రేడియో ఉంటే లైసెన్స్ ఫీజు కట్టాలి. అతన్ని చూడగానే టీ కొట్లో పాట సగంలో ఆగిపోయింది. అతను బజారు దాటేసరికి ఊళ్ళో ఒక్క రేడియో కూడా మోగడం లేదు.

"మొన్ననే కట్టామండి! రసీదు మా తమ్ముడి దగ్గరుంది!" అడక్కుండానే అరిచాడు ఒక సైకిల్ షాపాయన.

మలుపులో తెల్ల అంబాసిడర్ ఆగి ఉంది. దానికి ఆనుకుని ఒక యువతి. నల్ల కళ్ళద్దాలు, బెల్‌బాటమ్ ప్యాంటు, ఎర్రటి పెదవులు. ఎదురుగా అరుగు మీద ముసలాయన తన తువ్వాలు ఎక్కడ పెట్టాడో మరిచిపోయి ఆమెనే చూస్తున్నాడు.

"నూజివీడు రసాలు దిగాయా?" అన్నాడు ఏడుకొండలు.

"దిగాయి. కానీ చెట్టున పండినవి కావు."

"ప్రేమకుమారి?"

"ఎక్కండి ఇన్‌స్పెక్టర్ గారూ. నా ప్రోగ్రాం మీద మీ కల్నల్‌కి అంత అనుమానం ఎందుకో నాకు అర్థం కాదు."

లాల్‌సాహెబ్ ఇల్లు మసీదు వెనక సందులో. గుమ్మంలో అతని భార్య జైతున్‌బీ చేతిలో చీపురుతో నిలబడి ఉంది.

"మా ఇంట్లో రేడియో లేదండి."

లోపలి గదిలోంచి వార్తలు వినిపిస్తున్నాయి.

"మరి అదేంటమ్మా?"

"పక్కింటిది."

"మీ పక్కిల్లు ఖాళీ స్థలం కదమ్మా."

ఏడుకొండలు లోపలికి అడుగు వేసి పరదా తీశాడు. మంచం కింద బుట్ట బోర్లించి ఉంది. బుట్ట కింద రేడియో. మంచం మీద, భుజానికి కట్టుతో, గడ్డం మాసిన మనిషి. వెంటనే ఏడుకొండలు మెడ మీద కత్తిపీట అంచు చల్లగా తగిలింది.

"ఇంకో అడుగు వేస్తే తల కింద పడుతుంది," అంది జైతున్‌బీ.   "బావిలోంచి పైపు పట్టుకుని పైకొచ్చాడు. అల్లా తిరిగి ఇచ్చిన మనిషి. మళ్ళీ ఇవ్వను."

"అమ్మా, నేను బాలశౌరి కోసం వచ్చాను."

మంచం మీది మనిషి లేచి కూర్చున్నాడు. "జైతూ, దించు. ఆ పేరు చెప్పాడుగా."

*

"రీడింగులు గుర్తున్నాయా లాల్‌సాహెబ్ గారూ?" అన్నాడు ఏడుకొండలు.

ప్రేమకుమారి నవ్వింది. "చదువు రాని మనిషికి నలభై అంకెలా?"

లాల్‌సాహెబ్ ఆమె వైపు చూడలేదు. "నాకు తెలుగు రాయడం రాదమ్మా. చిన్నప్పుడు మా నాన్న మదర్సాలో వేశాడు. పదేళ్ళు కూర్చుని ఖురాన్ మొత్తం కంఠస్థం చేశాను. హాఫిజ్ అంటారు. ఒక్క అక్షరం జారినా గురువుగారి బెత్తం వీపు మీద పడేది. నలభై అంకెలు ఏపాటి?"

కళ్ళు మూసుకుని, కొంచెం ముందుకీ వెనక్కీ ఊగుతూ మొదలుపెట్టాడు.

"ఒకటి, ఎనభై ఎనిమిది. కరెక్ట్. రెండు, ఎనభై మూడు. కరెక్ట్..."

ఏడుకొండలు ప్రింటవుట్ మీద పెన్సిలుతో గుర్తులు పెడుతున్నాడు. మొదటి ఇరవై ఆరింట్లో ఒక చోట మూడు ఎక్కువ, ఒక చోట రెండు తక్కువ. మనుషులు కొలిచిన అంకెల్లా ఉన్నాయి.

"ఇరవై ఏడు, పద్నాలుగు. కరెక్ట్. ఇరవై ఎనిమిది, పదకొండు. కరెక్ట్. ఇరవై తొమ్మిది, ఎనిమిది..."

పెన్సిలు ఆగింది. ఆ పాయింట్లలో కంప్యూటర్ అరవైకి పైన చూపిస్తోంది. ఇరవై ఏడు నుంచి ముప్పై మూడు దాకా, ఎ.కొండూరు దాటాక మామిడి తోటల మధ్య, మూడు మైళ్ళ రోడ్డు చెవిటిది!

"ముప్పై మూడు నుంచి వెనక్కి చెప్పండి."

తడుముకోకుండా చెప్పాడు. అవే అంకెలు.

"నలభై?"

లాల్‌సాహెబ్ కళ్ళు తెరిచాడు. "నలభై చెప్పను సార్."

"మర్చిపోయారా?"

"మర్చిపోలేదు. ఆయన అంకె చెప్పాడు, నేను అప్పజెప్పాను. కరెక్ట్ అనకుండానే పోయాడు. కరెక్ట్ అననిది రీడింగ్ కాదు."

 ఏడుకొండలు పెట్టె తీసుకుని లేచాడు. "పదండి. ఆ ఒక్కటీ కొలిచి చూద్దాం. అది సరిపోతే మీ ముప్పై తొమ్మిదీ నమ్మొచ్చు. అక్కణ్ణించే కల్నల్‌తో మాట్లాడొచ్చు."

"వెళ్ళొస్తా," అన్నాడు లాల్‌సాహెబ్ భార్యతో.

జైతున్‌బీ గోడ వైపు తిరిగింది. "కిందటిసారి గుమ్మం దాకా వచ్చి సాగనంపాను. ఈసారి రాను. అన్నం ఒంటిగంటకి వడ్డిస్తా."

*

మోటారు బావి దగ్గర గడ్డి ఇంకా నల్లగా ఉంది. ఏడుకొండలు మీటరు పైకెత్తి ఏరియల్ లాగాడు.

"నలభై! అరవై ఒకటి!" అని అరిచాడు.

"కాదు సార్. అరవై రెండు."

"పది రోజులైంది. కొమ్మ పెరుగుతుంది, ఎండ మారుతుంది. నిజం కొలతకి ఒకటి అటూ ఇటూ ఉంటుంది. దొంగ లాగ్‌లోనే కంప్యూటర్ చెప్పిన అరవై ఆరుకి సరిగ్గా అరవై ఆరు ఉంది." అతను ఆగి, గొంతు పెంచి అన్నాడు. "బాలశౌరి రీడింగ్ అరవై రెండు. కరెక్ట్!"

లాల్‌సాహెబ్ ఆ కాలిన గడ్డి మీదే కూలబడి, అరచేతుల్లో మొహం దాచుకున్నాడు.

ఏడుకొండలు మైకు అందుకున్నాడు. అతని చెవి వెనక తుపాకీ గొట్టం ఆనింది.

"మైకు కింద పెట్టండి ఇన్‌స్పెక్టర్ గారూ," అంది ప్రేమకుమారి.

"నువ్వా?"

"కంప్యూటర్‌కి వివరాలు అందించేవి పదిహేను వందల పంచ్ కార్డులు. అందులో మామిడి తోటల కార్డు ఒక్కటి తీసేశాను. అంతే. ఆ రోడ్డు పక్కన ఆకులున్నాయని కంప్యూటర్‌కి తెలియదు పాపం. రెండేళ్ళుగా మీ కల్నల్‌కి నేను పంపిన కబుర్లూ అలాంటివే."

అంబాసిడర్ డిక్కీలోంచి తుపాకులతో ఇద్దరు దిగారు. బాలశౌరిని చంపిన ఇద్దరూ వాళ్ళే.

*

పదీ ఇరవై. మామిడి తోటలో రేకుల షెడ్డు. కాయల గంపల మధ్య ఏడుకొండలు, లాల్‌సాహెబ్ జనపతాళ్ళతో స్తంభానికి కట్టేసి ఉన్నారు.

ముఠా నాయకుడు హార్వే. మామిడి రసం తీసే యంత్రాల నిపుణుడినని చెప్పుకుని రెండు నెలలుగా ఆ తోటలో మకాం పెట్టాడు. తెలుగు తేటగా మాట్లాడతాడు.

"రోడ్డు కల్వర్టు కింద బాంబు ఉంది. అయినా కాన్వాయ్ ఆఫీసర్ జాగ్రత్త మనిషి. స్టేషన్ మాట తెగిపోతే ఆగిపోవచ్చు. అప్పుడు నా సెట్టు నుంచి 'రండి, దారి బాగుంది' అని చెప్పాలి. దానికి పాస్‌వర్డ్ కావాలి."

"రేడియో లైసెన్స్ ఉందా నీ సెట్టుకి?" అన్నాడు ఏడుకొండలు.

హార్వే అతని ఎడమ చేతి చిటికెన వేలు పట్టుకుని పుల్లలా విరిచాడు. ఏడుకొండలు కేక షెడ్డు రేకుల్ని అదరగొట్టింది.

"పాస్‌వర్డ్."

"జరిమానా పడుతుంది."

రెండో వేలు విరిగింది. మూడోది విరిగేసరికి ఏడుకొండలు తల వాలిపోయింది. పెదవి కొరుక్కున్న చోట రక్తం గడ్డం మీదుగా కారుతోంది.

"చెప్పడు," అంది ప్రేమకుమారి వాచీ చూసుకుంటూ. "కాన్వాయ్ మధ్యలో ఆగితే అక్కడే కాల్చేద్దాం. ఆగకుండా వస్తే కల్వర్టు మీద పేల్చేద్దాం. టైమైంది." వెళ్తూ వెళ్తూ చెక్కపెట్టె అతని ఎదురుగా బల్ల మీద పెట్టి, మూత తీసింది. "ఇది ముప్పయ్యో పాయింటు. మీటరు చూశారా? తొమ్మిది. మాట్లాడుకోండి, ఎవరితో కావాలంటే వాళ్ళతో!"

కాపలాకి ఆ ఇద్దరు హంతకుల్లో ఒకణ్ణి వదిలి మిగతావాళ్ళు వెళ్ళిపోయారు.

లాల్‌సాహెబ్ పెదవులు కదిలాయి. "సార్. ముప్పై, కింద తొమ్మిది. గుట్ట ఎక్కితే డెబ్బై ఒకటి."

"ఏమన్నారు?"

"షెడ్డు వెనక రాళ్ళ గుట్ట ఉంది. ఆ రోజు బాలశౌరి సార్ ఎందుకో ఎక్కి చూశాడు. అరిచాడు, నేను అప్పజెప్పాను, కరెక్ట్ అన్నాడు. కానీ కాగితంలో ఒక పాయింటుకి ఒకటే గడి ఉంది కదా. రెండోది రాయలేదు."

"ఇందాక చెప్పలేదేం?"

"మీరు లాగ్‌లో ఉన్నవి అడిగారు సార్."

దొంగిలించిన అసలు లాగ్‌లో లేని అంకె. ఈ ముఠాకి తెలియని అంకె! ఏడుకొండలు కుడి చేతి వేళ్ళు వెనక జేబులోకి పాకాయి. తుపాకీ తీసేశారు, కత్తి తీసేశారు, రబ్బరు స్టాంపు మాత్రం వదిలేశారు. దాని పిడి తిప్పితే రెండంగుళాల బ్లేడు బయటికొస్తుంది.

తాడు తెగింది. "నీళ్ళు..." అని మూలిగాడు. కాపలావాడు దగ్గరికి వంగాడు. బ్లేడు వాడి గొంతులో దిగింది. వాడు గురగురమంటూ గంపల మీద పడ్డాడు. పచ్చని కాయలు ఎర్రబడ్డాయి.

పది నలభై ఎనిమిది.

తన కట్లు కూడా తెగగానే లాల్‌సాహెబ్ పెట్టెని బాగున్న భుజం మీద పెట్టుకున్నాడు. ఇద్దరూ షెడ్డు వెనక నుంచి పరుగెత్తారు. గుట్ట కింద రెండో హంతకుడు ఎదురయ్యాడు. తుపాకీ పేలింది. ఏడుకొండలు తొడలో నిప్పు దిగినట్టయింది. పడుతూనే అతను వాడి కాళ్ళు పట్టుకుని లాగాడు. ఇద్దరూ రాళ్ళ మీద దొర్లారు. వాడి బొటనవేళ్ళు ఏడుకొండలు కళ్ళ మీద నొక్కుతున్నాయి.

లాల్‌సాహెబ్ పెట్టె కింద పెట్టాడు. ఒక రాయి రెండు చేతులా ఎత్తాడు. కట్టులోంచి రక్తం చిమ్మింది.

"కరెక్ట్ కూడా అననివ్వలేదు కదరా!"

రాయి పడింది. వాడు మళ్ళీ కదల్లేదు.

పది యాభై ఆరు. గుట్ట పైన ఏడుకొండలు ఏరియల్ లాగాడు. మీటరు ముల్లు వణికి, లేచి నిలబడింది.

డెబ్బై. ఇక్కడ మాటకి ఆకుల అడ్డు లేదు, కింది రోడ్డుకి కూడా.

కింద రోడ్డు మలుపు తిరిగి మొదటి లారీ కనిపించింది. కల్వర్టుకి రెండు వందల గజాలు. గట్టు చాటున హార్వే చెయ్యి స్విచ్ మీద ఉంది.

"కాన్వాయ్! కాన్వాయ్! జాజికాయ! ఆపండి! కల్వర్టు కింద బాంబు! జాజికాయ!"

నూట యాభై గజాలు. వంద. సెట్టులో బరబర మాత్రమే.

"జాజికాయ! వినపడుతోందా? జాజికాయ!"

యాభై.

"...కాన్వాయ్. జాజికాయ కరెక్ట్."

బ్రేకులు కీచుమన్నాయి. మొదటి లారీ కల్వర్టుకి పది గజాల ఇవతల ఆగిపోయింది. అదే క్షణంలో కల్వర్టు భళ్ళున పేలింది. రాళ్ళు, మట్టి, లారీ అద్దం ముక్కలు గాల్లోకి లేచాయి. దుమ్ములోంచి జవాన్లు దూకి గట్టు వైపు తుపాకులు ఎక్కుపెట్టారు.

హార్వే తల తిప్పి గుట్ట మీది ఏరియల్ చూశాడు. తరువాత ప్రేమకుమారిని చూశాడు.

"ఆ గుట్ట సంగతి లాగ్‌లో లేదు. ఈ లెక్కలన్నీ తెలిసింది నీ ఒక్కదానికే. రెండేళ్ళు వాళ్ళని మోసం చేశావనుకున్నాను. మోసపోయింది నేనా?"

"నాకు తెలీదు! నిజంగా తెలీదు హార్వే! అది కాగితంలో లేదు..."

అతను రెండుసార్లు కాల్చాడు. ఆమె నల్ల కళ్ళద్దాలు ఎగిరి మట్టిలో పడ్డాయి. మూడోసారి తుపాకీ గుట్ట వైపు ఎత్తేలోగా ఆరు రైఫిళ్ళు ఒకేసారి పేలాయి. హార్వే గట్టు మీంచి పొగలు కక్కుతున్న గోతిలోకి జారిపోయాడు.

లాల్‌సాహెబ్ భుజం పట్టుకుని దిగి వెళ్ళి, ప్రేమకుమారి కళ్ళు మూశాడు.

"ఈ పిల్లకీ ఎక్కడో ఒక తల్లి ఉండే ఉంటుంది సార్," అన్నాడు గుట్ట మీదికి తిరిగి వచ్చి.

*

అర్ధగంట తరువాత ఒక జవాను ఏడుకొండలు తొడకి కట్టు కడుతున్నాడు. గుట్ట మీది సెట్టులో కల్నల్ గొంతు ఖంగుమంది.

"నైన్‌టీన్! నలభై ఇద్దరూ క్షేమం. భేష్. సోమవారం ఢిల్లీలో ఎంక్వైరీ. ఆ సిమ్యులేషన్ తప్పని రుజువు చెయ్యాలి. అసలు లాగ్ దొరికిందా?"

"హార్వే జేబులో ఉంది సార్. సగం కాలింది."

"మరి పూర్తి రికార్డు?"

"ఉంది సార్. గుట్ట మీది రీడింగుతో కలిపి నలభై ఒకటి."

"శభాష్! వెంటనే రిజిస్టర్డ్ పోస్టులో పంపించు."

ఏడుకొండలు పక్కకి చూశాడు. పూర్తి రికార్డు రాయి మీద కూర్చుని, ఒంటిగంట అవుతుందేమోనని ఎండ వంక చూసుకుంటోంది.

"పోస్టులో కుదరదు సార్. రికార్డు ముందు ఇంటికెళ్ళి అన్నం తినాలట. ఆ తరువాత కూడా, వాళ్ళావిడ పక్కన కూర్చుని వచ్చేట్టయితేనే ఢిల్లీ వస్తుందట. రెండు టికెట్లు పంపండి. కిటికీ పక్కన."